సరుకు దాగదు, కొనేవాడే దాక్కుంటాడు

శేషాచలం కొండల కింద బతికేవాళ్లకు స్మగ్లింగ్ అంటే ఏమిటో ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఎర్రచందనం 1995 నుంచి అంతరించిపోయే జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. మన విదేశీ వాణిజ్య విధానం కూడా దాని ఎగుమతిని నిషేధించింది. అయినా దుంగలు వెళుతూనే ఉన్నాయి. లారీలో అడుగున దుంగలు, పైన ఇంకేదో సరుకు. కంటైనర్ కాగితాల మీద ఏ టైల్స్ పేరో రాసి ఉంటుంది. తలుపు తీస్తే చాలు, గుట్టు బయటపడుతుంది.

ఈ వ్యాసం ఇంకో రకం మళ్లింపు గురించి. ఇక్కడ కంటైనర్ తలుపు తీస్తే ఇన్వాయిస్‌లో రాసిందే కనిపిస్తుంది. లెక్క సరిపోతుంది, ధర సరిగ్గానే ఉంటుంది, డబ్బు బ్యాంకు ద్వారానే వచ్చి ఉంటుంది. బేరింగులంటే బేరింగులే, సర్క్యూట్ బోర్డులంటే బోర్డులే. అబద్ధం ఒక్కచోటే ఉంటుంది: దాన్ని చివరికి ఎవరు వాడతారన్న చోట. దుంగను పట్టుకున్నట్టు దీన్ని స్కానర్‌తో పట్టుకోలేం. పోర్టు దాకా పోకముందే, ఫ్యాక్టరీ ఆఫీసులో ఆర్డరు చదివే మనిషి పట్టుకోవాలి. లేదంటే ఇంకెవరూ పట్టుకోలేరు.

శ్రీసిటీలో, రేణిగుంట దగ్గరి ఎలక్ట్రానిక్స్ క్లస్టర్లలో, చిత్తూరు చుట్టుపక్కల మెషీన్ షాపుల్లో పనిచేసే ఎగుమతి విభాగాలకు ఈ చదువు ఇప్పుడు అవసరం. బాంబులు చేసే కంపెనీల గొడవ మనకెందుకు అనుకుంటారు గానీ, ఎగుమతి నియంత్రణల్లో ఇరుక్కునే సరుకులో ఎక్కువ భాగం రోజూ చూసే సామానే.

వాల్వు ఒకటే, లోహం వేరు

పౌర అవసరాలకూ ఆయుధాలకూ రెండు రకాలుగా వాడగల సరుకులు, పద్ధతులు, సాఫ్ట్‌వేర్ కోసం భారత్ ఒక జాబితా పెట్టింది. దాని పేరు స్కోమెట్. కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ (డీజీఎఫ్‌టీ) ప్రచురిస్తుంది, తరచూ సవరిస్తుంది. 0 నుంచి 8 దాకా కేటగిరీలు: 0 అణు సామగ్రి, 1 విష రసాయనాలు, 2 సూక్ష్మజీవులు, 3 పదార్థాలు, వాటిని తయారుచేసే యంత్రాలు, 4 అణు రంగానికి సంబంధించిన ఇతర పరికరాలు, 5 అంతరిక్ష, విమాన సామగ్రి, 6 ఆయుధాలు. 7 ఖాళీగా ఉంచారు. 8లో ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్లు, టెలికాం, సెన్సర్లు, లేజర్లు వంటివి ఉంటాయి. ఎలక్ట్రానిక్స్ వాళ్లంతా మొదట వెతకాల్సింది ఈ 8లోనే. 0కి అనుమతి అణుశక్తి శాఖ ఇస్తుంది, 6కి రక్షణ ఉత్పత్తుల శాఖ. మిగతావాటికి డీజీఎఫ్‌టీ గుమ్మం తొక్కాలి.

ఈ జాబితా మనం సొంతంగా అల్లుకున్నది కాదు. భారత్ 2016లో క్షిపణి సాంకేతికత నియంత్రణ కూటమిలో, 2017 డిసెంబరులో ఆయుధాలు, రెండు రకాలుగా వాడే సరుకుల ఎగుమతిని అదుపు చేసే వాసెనార్ ఒప్పందంలో, 2018 జనవరిలో రసాయన, జీవ ఆయుధాలను అడ్డుకునే ఆస్ట్రేలియా గ్రూపులో చేరింది. వాటి జాబితాలే ఇందులోకి వచ్చాయి. అందుకే జపాన్‌లోనో జర్మనీలోనో నియంత్రణలో ఉన్న వస్తువు దాదాపు అవే కొలతలతో ఇక్కడా నియంత్రణలో ఉంటుంది.

ఆ కొలతలు ఎలా ఉంటాయో ఒక వాల్వును పట్టుకుని చూద్దాం. రసాయన కర్మాగారానికి పంపే 1 అంగుళం వాల్వు. నామమాత్రపు సైజు 10 మిల్లీమీటర్లు దాటింది కాబట్టి మొదటి షరతుకు సరిపోయింది. రెండో షరతు, రసాయనం తగిలే లోపలి ఉపరితలం మొత్తం దేనితో చేశారన్నది. ఎస్‌ఎస్ 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలైతే నికెల్ 10 నుంచి 14 శాతం, క్రోమియం 16 నుంచి 18 శాతం ఉంటుంది. జాబితాలోకి రావాలంటే నికెల్ 25 శాతం, క్రోమియం 20 శాతం దాటాలి, లేదా నికెల్ ఒక్కటే 40 శాతం దాటాలి. కాబట్టి 316 వాల్వు బయటే ఉంటుంది. అదే వాల్వును హాస్టెల్లాయ్ సీ-276 అనే నికెల్ మిశ్రలోహంతో చేస్తే నికెల్ సగానికి పైనే, కాబట్టి లోపలికి వచ్చేస్తుంది. టైటానియం, టాంటలం, జిర్కోనియం అయినా అంతే. లోపల మొత్తం టెఫ్లాన్ లైనింగ్ వేసిన మామూలు వాల్వు కూడా జాబితాలోదే, ఎందుకంటే ఫ్లోరిన్ 35 శాతం దాటిన పాలిమర్లన్నీ అందులో ఉన్నాయి. మార్కెట్‌లో టెఫ్లాన్ లైనింగ్ వాల్వు ఎంత మామూలు సరుకో ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లకు తెలుసు. చాలామంది జారిపడేది ఇక్కడే.

ఇంకో తిరకాసు చూడండి. అల్లాయ్ 20 అనే గ్రేడులో నికెల్ 32 నుంచి 38, క్రోమియం 19 నుంచి 21 శాతం మధ్య ఉండొచ్చు. అంటే ఒక హీట్‌లో (ఒకసారి కరిగించి పోసిన లోహంలో) క్రోమియం 19.6 వస్తే ఆ వాల్వు జాబితా బయట, ఇంకో హీట్‌లో 20.4 వస్తే జాబితా లోపల. క్యాటలాగు చూసి తేల్చలేం, ఆ హీట్‌లో ఏ లోహం ఎంతుందో చెప్పే మిల్ టెస్ట్ సర్టిఫికెట్ చూడాలి. ఆ కాగితాన్ని క్వాలిటీ విభాగం ఫైల్లో పెట్టుకుంటుంది, ఎగుమతి విభాగం కంటికి అది కనపడదు. అసలు సమస్య అదే.

ఇలాంటి గీతలు ప్రతి రంగంలోనూ ఉన్నాయి. వేడిని చూసే థర్మల్ కెమెరా సెకనుకు 9 ఫ్రేములు మించకపోతే వాసెనార్ నియమాల్లో చాలా మినహాయింపు దొరుకుతుంది. ఎన్నో చవక థర్మల్ కెమెరాలు సరిగ్గా 9 హెర్ట్జ్ దగ్గరే ఆగడానికి కారణం ఇదే. సెకనుకు 600 మీటర్ల వేగం దాటినా పనిచేసేలా రూపొందించిన జీపీఎస్ రిసీవరు క్షిపణి జాబితాలోకి పోతుంది. పౌర అవసరాల డ్రోన్లకు 2023 జూన్‌లో డీజీఎఫ్‌టీ సడలింపు ఇచ్చింది. 25 కిలోమీటర్ల లోపు పరిధి, 25 కిలోల లోపు బరువు మోసేవైతే షరతులకు లోబడి ఒక సాధారణ అనుమతి చాలు, ప్రతి రవాణాకూ వేరుగా దరఖాస్తు అక్కర్లేదు.

సరుకును వర్గీకరించే హెచ్‌ఎస్‌ఎన్ కోడు చూసి స్కోమెట్ తేల్చేద్దామనుకోవడం బాగా పాతుకుపోయిన తప్పు. హెచ్‌ఎస్‌ఎన్ పన్ను కోసం పెట్టినది, దానికి నికెల్ శాతంతో పనిలేదు. 316 వాల్వుకూ హాస్టెల్లాయ్ వాల్వుకూ కోడు ఒకటే కావచ్చు. కస్టమ్స్‌కు ఇచ్చే షిప్పింగ్ బిల్లు నింపేటప్పుడు సీహెచ్‌ఏ (కస్టమ్స్ ఏజెంటు) ‘స్కోమెట్ కాదు’ అని గుర్తు పెట్టేస్తాడు, అడిగితే ‘ఎప్పుడూ ఇలాగే వేస్తున్నాం సార్’ అంటాడు. పట్టుబడితే మాత్రం నోటీసు ఎగుమతిదారు పేరు మీదే వస్తుంది.

డ్రాయింగు కూడా ఎగుమతే. వాల్వు డ్రాయింగును ఈమెయిల్‌లో పంపినా, సర్వర్‌లో పెట్టి పాస్‌వర్డ్ ఇచ్చినా, విదేశీ ఇంజినీరుకు ఇక్కడే కూర్చోబెట్టి నేర్పినా సాంకేతికత బదిలీ చేసినట్టే లెక్క.

జాబితాలో లేనిదైనా ఆపాల్సిందే

పైన చెప్పిన 316 వాల్వు జాబితాలో లేదు. అయినా అది రసాయన ఆయుధాల తయారీకి పోతోందని మీకు తెలిసినా, అలా నమ్మడానికి తగిన కారణం కనిపించినా పంపకూడదు. సామూహిక జనహనన ఆయుధాల మీద 2005లో చేసిన చట్టం ఈ మాట చెబుతుంది. 1992 నాటి విదేశీ వాణిజ్య చట్టానికి 2010లో చేర్చిన భాగం కూడా ఇదే వైపు నడుస్తుంది. 2005 చట్టంలో యావజ్జీవ కారాగారం దాకా శిక్షలున్నాయి. 2022 సవరణతో అలాంటి పనులకు డబ్బు సమకూర్చడం కూడా నేరమైంది. వాడుకలో దీన్ని ‘క్యాచ్-ఆల్’ అంటారు.

ఈ చట్టం 2005లోనే ఎందుకొచ్చిందంటే దాని వెనక ఒక ఓడ ఉంది. 2003 అక్టోబరులో బీబీసీ చైనా అనే ఓడను ఇటలీలోని టరాంటో రేవుకు మళ్లించి 5 కంటైనర్లు దించారు. లోపల లిబియా అణు కార్యక్రమానికి పోతున్న, యురేనియాన్ని శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్ భాగాలున్నాయి. పాకిస్తాన్ అణు శాస్త్రవేత్త ఏక్యూ ఖాన్ నడిపిన నెట్‌వర్కు వాటిని మలేసియాలోని ఒక ఇంజినీరింగ్ వర్క్‌షాపులో చేయించి, దుబాయ్ మీదుగా పంపింది. ఆ వర్క్‌షాపు వాళ్లు చమురు, గ్యాస్ రంగానికి చేస్తున్నామనే అనుకున్నామన్నారు. డ్రాయింగ్ ఇచ్చారు, టాలరెన్సు (కొలతలో ఎంత తేడా ఒప్పుకుంటారో) చెప్పారు, మెటీరియల్ చెప్పారు, చేసిచ్చారు. జాబ్‌వర్కు ఎక్కడైనా ఇలాగే జరుగుతుంది. ఏడాది తిరగకుండానే, 2004 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1540 తీర్మానం చేసింది. ప్రతి దేశమూ ఎగుమతి నియంత్రణలు పెట్టుకోవాల్సిందేనంది. మన చట్టం దాని వెనకాలే వచ్చింది.

డ్రాయింగ్ మీద ఏ యంత్రపు భాగమో రాసి ఉండదు, టైటిల్ బ్లాక్‌లో కంపెనీ పేరు చెరిపేసి ఉంటుంది, కానీ అల్యూమినియం గొట్టం మీద మైక్రాన్లలో టాలరెన్సు అడుగుతారు. అప్పుడు ‘ఇది ఏ యంత్రంలో కూర్చుంటుంది?’ అని అడగడం జాబ్‌వర్కు చేసేవాడి హక్కు, ఇప్పుడది బాధ్యత కూడా.

చేతులు ఎలా మారతాయి

మళ్లింపుకు ఎన్ని పేర్లు పెట్టినా నమూనాలు నాలుగైదే. అన్నింటికన్నా పాతది నిజమైన కొనుగోలుదారు బదులు ఓ పెద్దమనిషి లాంటి పేరు ముందు నిలబెట్టడం. 2003లో దక్షిణాఫ్రికా కేప్‌టౌన్‌లోని ఒక వ్యాపారి అమెరికా నుంచి 200 ట్రిగర్డ్ స్పార్క్ గ్యాపులు అనే విద్యుత్ స్విచ్చులు ఆర్డరు చేశాడు. కిడ్నీలో రాళ్లను పగలగొట్టే లిథోట్రిప్టర్ యంత్రంలో వాడేది ఆ పరికరమే, అణుబాంబును పేల్చే వలయంలో వాడేదీ అదే. సొవెటోలోని ఒక ఆసుపత్రికని కాగితాల్లో చెప్పారు. కిడ్నీ రాళ్ల సంగతి రాయలసీమలో అందరికీ తెలిసిందే గానీ, ఒక ఆసుపత్రికి ఇలాంటివి ఏడాదికి చేతివేళ్ల లెక్కలో సరిపోతాయి, 200 ఎందుకు? దక్షిణాఫ్రికా నుంచి ఒక అజ్ఞాత వ్యక్తి అమెరికా అధికారులకు ఉప్పందించాడు. తయారీ సంస్థ ఆ అధికారులతో మాట్లాడుకుని మొదటి విడతగా 66 పంపింది, అన్నింటినీ పనిచేయకుండా చేసి మరీ. అవి దక్షిణాఫ్రికాలో ఆగలేదు, పాకిస్తాన్ చేరాయి. వ్యాపారిని 2004 జనవరి 1న డెన్వర్ విమానాశ్రయంలో పట్టుకున్నారు.

ఇక్కడ వస్తువు నిజమే, అది ఆసుపత్రుల్లో వాడతారన్నదీ నిజమే. కాగితాల్లో అతకనిది సంఖ్య ఒక్కటే. అనుమతుల పనిలో ఉన్నవాళ్లు మొదట చూసేది ఇదే: ఈ కొనేవాడి వ్యాపారం సైజుకు ఈ పరిమాణం అతుకుతుందా?

రెండో నమూనా మరీ నంగనాచిది. లైసెన్సు తెచ్చుకునే పంపుతారు. అమెరికా కంపెనీ ఒకటి తయారుచేసిన, పీడనాన్ని కొలిచే ప్రెషర్ ట్రాన్స్‌డ్యూసర్లు చైనాలోని వాడకందార్ల పేరు మీద, లైసెన్సుతోనే వెళ్లాయి. ఆ వాడకందార్లు ఉత్తుత్తివాళ్లు. వందల కొద్దీ పరికరాలు అక్కణ్నుంచి ఇరాన్ యురేనియం శుద్ధి కేంద్రాల వైపు మళ్లాయి. అమ్మిన కంపెనీ షాంఘై శాఖ ఉద్యోగిని 2012లో, ఇరాన్‌కు చేరవేసిన వ్యాపారిని ఆ తర్వాత పట్టుకున్నారు. వ్యాపారికి 2016లో 9 ఏళ్ల శిక్ష పడింది. లైసెన్సు చేతికి వచ్చాక బాధ్యత తీరిపోయిందనుకునేవాళ్లు ఈ కేసును ఒకటికి రెండుసార్లు చదవాలి.

మూడోది దారిలో మాయమయ్యే సరుకు. 2022 తర్వాత బాగా వినపడుతున్నది ఇదే. పత్రాల్లో కిర్గిజ్‌స్తానో కజక్‌స్తానో రాసి ఉంటుంది, రష్యా మీదుగా పోవాల్సిన లారీ రష్యాలోనే ఆగిపోతుంది. యూరప్ 2023 జూన్ ఆంక్షల్లో అనేక సరుకులను రష్యా మీదుగా రవాణా చేయడాన్నే నిషేధించింది. నాలుగోది ఫ్రీజోన్ మార్పిడి: దుబాయ్‌లోని జెబెల్ అలీ లాంటి చోట సరుకు దిగుతుంది, ఓడ కంపెనీ ఇచ్చిన సరుకు రసీదు, అంటే పాత బిల్ ఆఫ్ లేడింగ్, వెనక్కిచ్చి కొత్తది తీసుకుంటారు, కొత్తదాంట్లో పంపినవాడి పేరూ గమ్యమూ వేరు. దీన్నే ‘స్విచ్ బీఎల్’ అంటారు. ఇది నిజాయితీ వ్యాపారంలోనూ ఉన్నదే. మధ్యవర్తి తన సరఫరాదారు పేరు కొనేవాడికి తెలియకుండా ఉంచుకోవడానికి వాడతాడు. కాబట్టి స్విచ్ బీఎల్ అనగానే దొంగతనమని తీర్మానించలేం. నియంత్రిత సరుకుకు మాత్రం ఒప్పుకోకపోవడమే మంచిది.

మన చట్టం ఊరుకున్నా

ఇక్కడే చాలామందికి చిక్కుముడి పడుతుంది. భారత్ ఐక్యరాజ్యసమితి ఆంక్షలను మాత్రమే పాటిస్తుంది. ఒక దేశమో, దేశాల గుంపో సొంతంగా విధించినవాటిని గుర్తించదు. కాబట్టి స్కోమెట్‌లో లేని బేరింగును భారత్ నుంచి రష్యాకు పంపడం మన చట్టం ప్రకారం తప్పు కాదు. మరి భయమెందుకు?

ఎందుకంటే మన బోర్డులో ఉన్న చిప్పుకు ఇంకో దేశపు చట్టం అతుక్కుని వస్తుంది. అమెరికా నియమాలు సరుకు వెంటే నడుస్తాయి. అమెరికాలో పుట్టిన చిప్పు రేణిగుంటలో బోర్డు మీద కూర్చున్నాక కూడా అది అమెరికా చిప్పే. లెక్క ఇలా వేస్తారు: బోర్డు ధర 8,000 రూపాయలు, అందులో ఆ గమ్యానికి లైసెన్సు అవసరమయ్యే అమెరికా భాగాల విలువ 1,100 అనుకుందాం. అంటే 13.75 శాతం. ఇరాన్, ఉత్తర కొరియా, క్యూబా వంటి వాటికి హద్దు 10 శాతం కాబట్టి ఆ బోర్డుకు అమెరికా అనుమతి కావాలి. ఎక్కువ దేశాలకు హద్దు 25 శాతం, వాటికైతే అక్కర్లేదు. దీనికి తోడు ఇంకో నియమం ఉంది. చిప్పు అమెరికాలో పుట్టకపోయినా అమెరికా సాంకేతికతతోనో యంత్రాలతోనో చేస్తే కొన్ని గమ్యాలకు, రష్యాతో సహా, అదీ వాళ్ల పరిధిలోకి వస్తుంది.

చిప్పు ఏ తరగతిలో ఉందో తెలుసుకోవడం కష్టమేం కాదు. పెద్ద డిస్ట్రిబ్యూటర్లు పంపే ప్యాకింగ్ స్లిప్పు మీద ప్రతి వరుసలో అమెరికా ఎగుమతి వర్గీకరణ తెలిపే ఒక ఈసీసీఎన్ నంబరు, పుట్టిన దేశం అచ్చేసి ఉంటాయి. స్టోర్సులో సరుకు దింపుకున్నాక ఆ స్లిప్పు చించి పారేస్తారు, తర్వాత ఆరు నెలలకు వెతుక్కుంటారు. స్లిప్పు దాచుకునే అలవాటు చేసుకుంటే సగం పని అయిపోయినట్టే. అక్కడ ఈఏఆర్99 అని ఉంటే అది ‘స్వేచ్ఛగా పంపొచ్చు’ అని కాదు. ప్రత్యేక జాబితాలో లేదని మాత్రమే. నిషేధిత దేశానికీ, నిషేధిత కంపెనీకీ అదీ పోకూడదు.

యూరప్ వాళ్ల పద్ధతి వేరు. 2024 మార్చి 20 నుంచి కొన్ని రకాల సరుకు అమ్మే ఒప్పందాల్లో ‘రష్యాకు తిరిగి ఎగుమతి చేయరాదు’ అనే షరతు పెట్టడం వాళ్ల అమ్మకందార్లకు తప్పనిసరి. అమెరికా, జపాన్ వంటి భాగస్వామ్య దేశాల కొనుగోలుదార్లకు మినహాయింపు ఉంది. భారత్‌కు లేదు. కాబట్టి జర్మనీ నుంచి బేరింగులో కంట్రోలరో కొనే మన కంపెనీ సంతకం పెట్టే కాగితంలో ఆ వాక్యం ఉంటుంది. కొనుగోలు విభాగం సంతకం పెట్టేసి, అమ్మకాల విభాగానికి చెప్పకపోతే అదే కంపెనీ తన ఒప్పందాన్ని తానే తుంగలో తొక్కుతుంది.

2022లో ఉక్రెయిన్ యుద్ధభూమిలో దొరికిన 27 రష్యా ఆయుధ వ్యవస్థలను విప్పి చూస్తే కనీసం 450 విదేశీ భాగాలు తేలాయి. ఎక్కువ భాగం మైక్రోచిప్పులే. అమెరికా, యూరప్, బ్రిటన్, జపాన్ కలిసి తయారుచేసుకున్న ప్రాధాన్య జాబితాలో ఇప్పుడు 50 ఆరంకెల కోడ్లున్నాయి. అన్నింటికన్నా పై మెట్టులో ఉన్నవి నాలుగే, నాలుగూ ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లు: 8542.31, 8542.32, 8542.33, 8542.39. కింది మెట్లలో 8482.10 బాల్ బేరింగులు, 8457.10 మెషీనింగ్ సెంటర్లు వంటివి కనిపిస్తాయి. మన హెచ్‌ఎస్‌ఎన్‌లో మొదటి ఆరంకెలు ప్రపంచమంతా ఒకటే కాబట్టి ఈ పోలిక ఎవరైనా చేసుకోవచ్చు. మీ ఇన్వాయిస్ కోడు ఆ 50లో ఉందంటే మీ కొనుగోలుదారును బయటివాళ్లు కూడా గమనిస్తున్నారని అర్థం.

పట్టించుకోకపోతే ఏమవుతుంది? 2024 అక్టోబరు 30న అమెరికా ఒక్కరోజే దాదాపు 400 సంస్థలు, వ్యక్తుల మీద చర్యలు ప్రకటించింది, వాటిలో భారత కంపెనీలూ ఉన్నాయి. పేరు అమెరికా నిషేధిత జాబితాలోకి ఎక్కితే డాలర్ చెల్లింపులు నిలిచిపోతాయి, విడిభాగాలు అమ్మేవాళ్లు ఖాతా మూసేస్తారు. ఇక్కడి కోర్టు మీరు తప్పు చేశారని అననే అనదు, అయినా వ్యాపారం ఆగిపోతుంది.

ఒక ఆర్డరును విప్పి చూద్దాం

ఊహించిన ఆర్డరే, కానీ ఇందులో ప్రతి ముక్కా ఎక్కడో ఒకచోట ఎదురయ్యేదే. మోటారు కంట్రోల్ బోర్డులు 1,200 కావాలని దుబాయ్ ఫ్రీజోన్‌లోని ఒక జనరల్ ట్రేడింగ్ కంపెనీ అడిగింది. కంపెనీ పుట్టి నాలుగు నెలలు. వాడకం: మధ్య ఆసియాలో నీటి పంపులు. మైనస్ 40 డిగ్రీలు తట్టుకోవాలి, మీ లోగో వద్దు, విమానంలో పంపండి. ధర మీద బేరం లేదు, మొత్తం అడ్వాన్సు, కానీ డబ్బు ఇంకో దేశంలోని ఇంకో కంపెనీ ఖాతా నుంచి వస్తుంది. వారంటీ అక్కర్లేదు.

ఒక్కొక్కటి విడిగా తీసుకుంటే దేనికీ సమాధానం లేకపోలేదు. కజక్‌స్తాన్ చలికి మైనస్ 40 అడగడం సహజం. లోగో వద్దనేవాళ్లు తమ బ్రాండు వేసుకుంటారు. మూడో పక్షం చెల్లింపులకు రిజర్వు బ్యాంకు కూడా షరతులతో వీలిచ్చింది. అనుమానమల్లా ఇవన్నీ ఒకేచోట కలిసినప్పుడు. బోరుబావులతో బతికే ఈ సీమలో ఎవరికైనా తెలుసు, పంపు స్టార్టరు కొనే రైతు ముందు అడిగేది కాలిపోతే మళ్లీ ఎవరు బాగుచేస్తారనే. 1,200 బోర్డులు కొంటూ స్పేర్లు అడగనివాడు, సర్వీసు మాట ఎత్తనివాడు, ధర తగ్గించమననివాడు పంపుల వ్యాపారి కాకపోవచ్చు.

అడగాల్సిన ప్రశ్నలు మొరటుగా ఉండక్కర్లేదు. పంపు ఎన్ని హార్స్‌పవరు? మోటారు ఏ కంపెనీది, నేమ్‌ప్లేట్ ఫొటో పంపగలరా? ఫర్మ్‌వేర్‌ను దానికి తగ్గట్టు సరిచేయాలి కదా, మీ ఇంజినీరుతో మాట్లాడించండి. నిజమైన వాడకందారుకు ఇవి సాయంలా వినిపిస్తాయి, గంటలో జవాబొస్తుంది. దొంగ కొనుగోలుదారు చిరాకుపడతాడు, లేదా ‘క్లయింట్ కాన్ఫిడెన్షియల్’ అంటాడు. ఈ తేడా పసిగట్టడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్ కావాల్సింది పేర్ల దగ్గర. కొనేవాడు, సరుకు అందుకునేవాడు, సరుకు చేరిందని కబురందుకునే నోటిఫై పార్టీ, డబ్బు పంపేవాడు, రవాణా ఏర్పాటు చేసే ఫార్వర్డరు, చివరి వాడకందారు, డైరెక్టర్లు, అందరి పేర్లూ నిషేధిత జాబితాలతో సరిచూడాలి. ఉన్నదున్నట్టు అక్షరాలు పోల్చే వెతుకులాట పనికిరాదు. వెంకటేశ్వర్లు అనే పేరును ఇంగ్లీషులో మనవాళ్లే ఎన్ని రకాలుగా రాస్తారో తెలుసుగా, రష్యన్, అరబిక్, చైనీస్ పేర్లకూ అదే గతి. పేరు కలవకపోయినా చిరునామా కలిసిందా అన్నదీ చూడాలి. మూతబడ్డ కంపెనీ ఆఫీసు గదిలోనే కొత్త పేరుతో ఇంకో కంపెనీ తెరుచుకోవడం పరిపాటి. యాజమాన్యం కూడా తవ్వాలి. అమెరికా ట్రెజరీ నియమం ప్రకారం ఆస్తులు స్తంభింపజేసిన వ్యక్తులకు 50 శాతం, అంతకు మించి వాటా ఉన్న కంపెనీ జాబితాలో పేరు లేకపోయినా నిషేధించినట్టే.

స్కోమెట్ సరుకైతే ఎండ్ యూజర్ సర్టిఫికెట్ కావాలి. మంచి సర్టిఫికెట్‌లో వస్తువు మోడల్, సంఖ్య, దాన్ని బిగించే చోటు చిరునామా, వాడకం, తిరిగి ఎగుమతి చేయబోమనే హామీ, సంతకం చేసినవాడి హోదా ఉంటాయి. దరఖాస్తు వెనక్కి రావడానికి మామూలు కారణం ట్రేడింగ్ కంపెనీయే తనను వాడకందారుగా రాసుకోవడం. ట్రేడరు బోర్డును వాడడు, అమ్ముతాడు. ‘పారిశ్రామిక అవసరాలకు’ అని ఒక్క ముక్కలో వాడకం రాసినా అంతే. దరఖాస్తులను పలు మంత్రిత్వ శాఖల ప్రతినిధులుండే బృందం చూస్తుంది. అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆలస్యం పెరుగుతుంది, కాబట్టి కొనేవాడికి డెలివరీ తేదీ ఇచ్చేముందే ఈ లెక్క వేసుకోవాలి. అనుమతి వచ్చాక అది ఆ వస్తువుకు, ఆ సంఖ్యకు, ఆ కొనుగోలుదారుకే. మధ్యలో పేరు మారితే సవరణ తెచ్చుకోవాలి.

శ్రీసిటీ విషయంలో ఒక మాట. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో పరుచుకున్న ఆ పారిశ్రామిక నగరంలో సెజ్ ఉంది, మామూలు దేశీయ జోన్ ఉంది, ఫ్రీ ట్రేడ్ గిడ్డంగుల జోనూ ఉంది. దేశీయ కంపెనీ సెజ్‌లోని యూనిట్‌కు స్కోమెట్ సరుకు ఇస్తే ఎగుమతి అనుమతి అక్కర్లేదు, కానీ వారం లోపల డెవలప్‌మెంట్ కమిషనర్‌కు తెలపాలి. సెజ్ నుంచి దేశం దాటేటప్పుడు మాత్రం అనుమతి తప్పదు. సెజ్ అంటే కస్టమ్స్ పరంగా విదేశం కదా, ఇంకేం నియంత్రణ అనుకునేవాళ్లున్నారు. పన్నుకు అది విదేశం, స్కోమెట్‌కు కాదు.

గేటు దాటేటప్పుడు

ఎక్స్‌వర్క్స్ ధరకు అమ్మితే కొనేవాడి ఫార్వర్డరు వచ్చి గేటు దగ్గరే సరుకు ఎత్తుకుపోతాడు. ధర తక్కువగా కనపడుతుంది, చెన్నైకో కృష్ణపట్నానికో తోలే తలనొప్పి ఉండదు. కానీ ఏ ఓడ, ఏ దారి, ఎక్కడ దిగింది అన్నదేదీ మీ చేతిలో ఉండదు. షిప్పింగ్ బిల్లులో ఎగుమతిదారుగా మాత్రం మీ పేరే ఉంటుంది. సున్నితమైన సరుకును గమ్యం దాకా మీరే పంపే షరతు మీద అమ్ముకోవాలి.

షిప్పింగ్ బిల్లులో సరుకు దిగే దేశం ఒక గడి, చివరి గమ్యదేశం ఇంకో గడి. రెండింట్లోనూ యూఏఈ అని వేసేయడం పరిపాటి. కొనుగోలుదారే ఈమెయిల్‌లో తాష్కెంట్‌కని రాశాక మీరు గమ్యం యూఏఈ అని వేస్తే, అది తప్పుడు ప్రకటన. సరుకు నిర్దోషమైనదే అయినా కస్టమ్స్ చట్టం కింద దొరికిపోతారు. ఫార్వర్డరే సరుకు అందుకునేవాడిగా (కన్‌సైనీగా) ఉండటం, చివరి నిమిషంలో పోర్టు మార్చమని వాట్సాప్ రావడం, 400 కిలోల బేరింగులను ఓడలో పంపితే సరిపోయేదానికి విమానం ఖర్చు భరిస్తాననడం, ఇవన్నీ ఆగి అడగాల్సిన చోట్లు.

దీనికి ఎదురు తప్పు కూడా జరుగుతుంటుంది: భయంతో మంచి వ్యాపారాన్ని చంపుకోవడం. చిత్తూరు తోతాపురి గుజ్జు గల్ఫ్‌కూ యెమెన్‌కూ పోతుంది. ఆహారం, మందులకు ఆంక్షల్లో సాధారణంగా మినహాయింపులుంటాయి. మామిడి గుజ్జుకు నికెల్ శాతం లేదు. అయినా దేశం పేరు చూడగానే బ్యాంకు డబ్బు ఆపి ప్రశ్నలు వేస్తుంది. అప్పుడు వాదించి లాభం లేదు. కొనుగోలుదారు రిజిస్ట్రేషను, సరుకు వివరం, ఓడ పేరు, డబ్బు ఎవరి ఖాతా నుంచి వస్తోందో ఒకే కాగితం మీద రాసి ముందుగానే బ్రాంచిలో ఇచ్చేవాళ్లకు పని త్వరగా జరుగుతుంది. కొన్ని బ్యాంకులు అప్పుడూ ఒప్పుకోవు. ఆ సంగతి ఆర్డరు పుచ్చుకోకముందే కనుక్కోవాలి, డ్రమ్ములు నింపాక కాదు.

సరుకు పోయాక కూడా ఒక పని మిగులుతుంది. బోర్డులు బిగించారో లేదో కనుక్కోవడం. సీరియల్ నంబరు కనిపించేలా ఫొటో అడగొచ్చు, ఫర్మ్‌వేర్ మొదటిసారి ఆన్ చేసేటప్పుడు నమోదు అడిగేలా పెట్టొచ్చు, విడతల్లో అమ్మి రెండో విడతకు మొదటిదాని రుజువు కోరొచ్చు. స్కోమెట్ ఎగుమతి పత్రాలను 5 ఏళ్లు దాచాలి: డేటాషీటు, మిల్ సర్టిఫికెట్, పేర్లు సరిచూసిన రోజు తీసిన ప్రింటు, కొనుగోలుదారుతో నడిచిన ఉత్తరాలు. ‘అనుమానం వచ్చింది, అడిగాం, ఇదీ జవాబు’ అని తేదీతో రాసిపెట్టుకున్న అరపేజీ నోటుకు ఈ కట్టలో అన్నింటికన్నా విలువెక్కువ. పాత ఫైళ్లు తిరగేస్తుంటే తప్పు దొరికిందనుకోండి, గతేడాది పంపిన టెఫ్లాన్ లైనింగ్ వాల్వుకు అసలు అనుమతే తీసుకోలేదనుకోండి. అప్పుడు ముందు అలాంటి సరుకు తర్వాతి లోడును గేటు దగ్గరే ఆపాలి. తర్వాత నోటీసు కోసం ఎదురుచూడకుండా డీజీఎఫ్‌టీకి తామే తెలియజేయాలి. అలా ముందుకొచ్చి చెప్పుకునే దారి ఉంది.